ముందు చీటీలు, తర్వాతే టి-టెస్టు

ఏటా వేసవి సెలవులకు ముందు, సైకాలజీ ప్రాజెక్టులూ బి.ఎడ్., ఎం.ఎడ్. పరిశోధన పత్రాలూ సమర్పించాల్సిన గడువు దగ్గరపడేకొద్దీ, ఒంగోలులో మా ఇంటికి విద్యార్థుల రాకపోకలు పెరుగుతాయి. నేను గణాంక శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి, లెక్కల వరకు కాస్త చూసిపెట్టమని వాళ్ల గైడ్లే పంపుతారు. కందుకూరు నుంచి ఒకరు, కావలి నుంచి ఇంకొకరు, మార్కాపురం నుంచి మరొకరు వస్తారు. అందరి చేతిలోనూ ఒక పెన్‌డ్రైవు, అందులో ఒక ఎక్సెల్ షీటు, ఆ షీటులో రెండు వరుసల మార్కులు ఉంటాయి. అందరూ అడిగేది ఒకటే: "సార్, దీనికి ఏ టెస్టు పెట్టాలి?" కాస్త చనువున్నవాళ్లయితే, "ఏ టెస్టు పెడితే సిగ్నిఫికెంట్ వస్తుంది సార్?" అని కూడా అడిగేస్తారు. సిగ్నిఫికెంట్ అంటే, యాదృచ్ఛికంగా అరుదుగా మాత్రమే వచ్చేంత భేదమని.

ఇందుకు పిల్లల్ని తప్పుపట్టలేం. సిలబస్‌లో ప్రయోగ రూపకల్పన ఒక యూనిట్‌గానూ, పరికల్పన పరీక్ష (ఒక ఊహను దత్తాంశంతో, అంటే డేటాతో, సరిచూడటం) వేరే యూనిట్‌గానూ ఉంటాయి. రెండోదానిలో సూత్రాలు, పట్టికలు, వేసి చూపించదగిన లెక్కలు ఉన్నాయి కాబట్టి మార్కులూ దానికే, శ్రద్ధా దానికే. మొదటిదాన్ని స్వతంత్ర చరం అంటే ఇది, పరతంత్ర చరం అంటే అది అని నాలుగు నిర్వచనాలు బట్టీపట్టి దాటేస్తారు. అలా చదువుకున్న విద్యార్థికి, దత్తాంశం ఎలా వచ్చిందన్నది టెస్టుకు సంబంధం లేని సంగతిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

నేను వాదించదలచుకున్నది ఇదే. మనస్తత్వ శాస్త్ర ప్రయోగంలో పరికల్పన పరీక్షకు ఉన్న బలమంతా, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో ముందుగా నిర్ణయించిన పద్ధతి నుంచే వస్తుంది. ఆ నిర్ణయాన్ని చీటీలకు వదిలిపెట్టకుండా మన సౌకర్యానికో, ప్రిన్సిపాల్ సౌకర్యానికో వదిలిపెడితే, టి-టెస్టు రెండు గుంపుల సగటుల మధ్య భేదం ఉందా లేదా అన్నంత వరకే చెప్పగలదు. ఆ భేదం దేనివల్ల వచ్చిందో చెప్పలేదు. విద్యార్థి చివరి అధ్యాయంలో రాసేది మాత్రం ఎప్పుడూ ఆ రెండో సంగతే.

ఆధునిక గణాంక శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన ఇంగ్లండు శాస్త్రవేత్త రోనల్డ్ ఫిషర్ 1938లో కలకత్తాలో, భారతీయ గణాంక శాస్త్రవేత్తల సభలో అధ్యక్షోపన్యాసం చేస్తూ సరిగ్గా ఇలా ఆలస్యంగా లెక్కల దగ్గరికి రావడం గురించే మాట్లాడాడు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్త దగ్గరికి రావడమంటే శవపరీక్ష చేయమని అడగడమేననీ, ఆ ప్రయోగం ఏ జబ్బుతో పోయిందో మాత్రం అతను చెప్పగలడేమోననీ ఆయన మాటల సారాంశం. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎదిగిన మన తెలుగాయన కల్యంపూడి రాధాకృష్ణారావు కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. ప్రయోగాల రూపకల్పనకు ఆయన ఇచ్చిన గణిత నిర్మాణాలను పరిశ్రమల్లో నేటికీ వాడుతున్నారు. అంతటివాళ్లు నడిచిన దారి ఇంత దగ్గరగా ఉండగా, మనం ఇంకా శవపరీక్షల దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ధ్యానం చేస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందా అన్నది మా వైపు ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే ప్రశ్న. విద్యార్థిని నెల్లూరులో ఒక జూనియర్ కళాశాలకు వెళ్లి అనుమతి అడుగుతుంది. ప్రిన్సిపాల్ గారు మంచివారే, ఒప్పుకుంటారు. 'ఏ' సెక్షన్‌కు రోజూ ఉదయం పావుగంట ధ్యానం చేయించుకోమని, బి సెక్షన్ జోలికి పోవద్దని చెబుతారు. నెల తర్వాత రెండు సెక్షన్లకూ 20 మాటల జాబితా చూపించి, గుర్తున్నవి రాయమంటారు. 'ఏ' సెక్షన్ సగటు 13, బి సెక్షన్ సగటు 11 వచ్చిందనుకుందాం. టి-విలువ పట్టికలోని విలువను దాటింది, శూన్య పరికల్పనను (ధ్యానం వల్ల తేడా ఏమీ లేదన్న ఊహను) తిరస్కరించాం, ధ్యానం పనిచేసింది. పత్రం బైండింగ్‌కు వెళ్లిపోతుంది.

కానీ 'ఏ' సెక్షన్ అంటే ఏమిటో మన జిల్లాల్లో తెలియనివారు ఎవరు? పదో తరగతి మార్కులు చూసి వేసే సెక్షన్లు అవి. 'ఏ' సెక్షన్‌లో ఎక్కువమంది హాస్టల్ పిల్లలు, తెల్లవారుజామునే స్టడీ అవర్‌కు కూర్చునేవాళ్లు. బి సెక్షన్‌లో కోవూరు నుంచో, బుచ్చిరెడ్డిపాలెం నుంచో బస్సులో నిలబడి వచ్చి మొదటి పీరియడ్‌కు కూర్చునేవాళ్లు ఉంటారు. ఒక్క నిమిషం కూడా ధ్యానం చేయించకపోయినా ఆ రెండు మాటల తేడా వచ్చేదేమో. రాదని చెప్పడానికి ఈ ప్రయోగంలో ఏ ఆధారమూ లేదు. గణాంకాల లెక్కలు వేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ఈ సంగతి పసిగట్టలేదు. దానికి ఏ, బి అన్నవి 1, 2 అనే అంకెలు మాత్రమే.

సరే, బి సెక్షన్ వద్దు, ఒకే సెక్షన్‌ను ధ్యానానికి ముందూ తర్వాతా పరీక్షిద్దాం అంటారు కొందరు. అప్పుడు చిక్కులు వేరు. మాటల జాబితాను రెండోసారి ఎదుర్కొనే పిల్లలకు ఆ పని ఎలా చేయాలో అప్పటికే కొంత అలవాటై ఉంటుంది. నెలలో వాళ్లు చదివిన చదువు కూడా కలుస్తుంది. జ్ఞాపకశక్తి తక్కువగా ఉన్న పిల్లలనే ఎంచుకుంటే ఇంకో చిక్కు ఉంది. మొదటి పరీక్షలో బాగా తక్కువ వచ్చినవాళ్లలో కొందరికి ఆ రోజు ఒంట్లో బాగాలేకపోయి ఉండవచ్చు, కొందరికి పరధ్యానం కావచ్చు; రెండోసారి పరీక్ష పెడితే, మధ్యలో ఏమీ చేయకపోయినా, అలాంటి గుంపు సగటు పైకే జరుగుతుంది. వెనకబడిన విద్యార్థులకు ప్రత్యేక తరగతులు పెట్టి మార్కులు పెంచామని చెప్పుకొనే ప్రకటనల్లో ఈ జరుగుబాటు వాటా ఎంతో ఎవరూ విడదీసి చూపించరు.

పరీక్ష పెట్టే మనిషి సంగతి కూడా తక్కువది కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్, అతని సహచరుడు 1963లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరు విద్యార్థులకు ఎలుకలను ఇచ్చి, ఇవి తెలివైన జాతివని సగం మందికీ, మందమతి జాతివని మిగతావారికీ చెప్పారు. నిజానికి ఎలుకలన్నీ ఒకే రకానివి, పంచిపెట్టింది యాదృచ్ఛికంగా. అయినా తెలివైనవని పేరుపడ్డ ఎలుకలే మేజ్‌లో (చిక్కుదారుల పెట్టెలో) మెరుగ్గా దారి నేర్చుకున్నట్టు ఫలితాలు వచ్చాయి. ఎలుకల విషయంలోనే అలా జరిగితే, ధ్యానం మీద భక్తి ఉన్న మన విద్యార్థిని, "ఇంకొకటి గుర్తు తెచ్చుకో నాయనా" అని 'ఏ' సెక్షన్ పిల్లవాడి దగ్గర మరో అర నిమిషం నిలబడదని ఎలా అనుకుంటాం? దీనికి విరుగుడు మాత్రం పైసా ఖర్చు లేనిది. జవాబు పత్రాల మీద పేరు, సెక్షన్ లేకుండా నంబరు మాత్రమే ఉంచి, ఎవరు ధ్యానం చేశారో తెలియని స్నేహితురాలి చేత దిద్దించడమే.

కేటాయింపు చెడితే ఎంత పెద్ద ప్రయోగమైనా ఎలా చెడుతుందో చెప్పడానికి నేను తరగతిలో ఎప్పుడూ స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్ పాల ప్రయోగాన్నే తీసుకుంటాను. 1930లో అక్కడ 67 పాఠశాలల్లో 20,000 మంది పిల్లలను తీసుకుని, 10,000 మందికి నాలుగు నెలల పాటు రోజూ పాలు పోశారు (సగం మందికి పచ్చివి, సగం మందికి పాశ్చరైజ్ చేసినవి), మిగతా 10,000 మందికి పోయలేదు. ఎత్తు, బరువు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిచారు. మన ప్రాజెక్టుల లెక్కన ఊహకందని సంఖ్య అది. ఎవరికి పాలు, ఎవరికి లేవు అన్నది మొదట చీటీల పద్ధతిలోనో అక్షర క్రమంలోనో నిర్ణయించారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఒక గుంపులో బాగా తిండి ఉన్నవాళ్లో, బొత్తిగా తిండి లేనివాళ్లో ఎక్కువైనట్టు కనిపిస్తే, పిల్లలను అటూ ఇటూ మార్చుకోవచ్చని ఉపాధ్యాయులకు వెసులుబాటు ఇచ్చారు.

బక్కచిక్కిన పిల్లవాడు ఎదురుగా నిలబడితే ఏ ఉపాధ్యాయుడికైనా వాడికి పాలు పోయాలనే అనిపిస్తుంది. అదే జరిగింది. పాలు తాగని గుంపు మొదటిరోజే, నెలల తరబడి ఎదుగుదలకు సమానమైనంతగా, ఎత్తులోనూ బరువులోనూ ముందుంది. పైగా పిల్లలను బట్టలతోనే తూచారు: ఫిబ్రవరిలో చలి బట్టలు, జూన్‌లో పలచని బట్టలు. ఉన్నవాళ్ల పిల్లలకు చలి బట్టల బరువు ఎక్కువ, లేనివాళ్ల పిల్లలకు తక్కువ. కాబట్టి వేసవిలో తగ్గే బరువు కూడా రెండు గుంపుల్లో ఒకేలా ఉండదు. ఈ లోపాలన్నీ 1931లో వరసపెట్టి బయటపెట్టినవాడు విలియం గోసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ, 'స్టూడెంట్' అనే మారుపేరుతో 1908లో టి-టెస్టుకు పునాది వేసిన మనిషి ఆయనే. టి-టెస్టు కనిపెట్టినాయనే, ఇంతమంది పిల్లలకు బదులు ఒకేలా ఉండే కవల పిల్లల 50 జతలను తీసుకుని, ప్రతి జతలో ఒకరికి పచ్చి పాలు, ఇంకొకరికి పాశ్చరైజ్ చేసిన పాలు పోసి పోల్చి ఉంటే ఇంతకంటే నమ్మదగిన జవాబు వచ్చేదని రాశాడు. ఇరవై వేల మందికంటే వంద మంది మేలన్నమాట. టెస్టు ఏది పెట్టాలని నన్ను అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ వంద మందినే.

చీటీ వేయడమనేది ఇంగ్లండులోనో అమెరికాలోనో ప్రయోగశాలల్లో చెల్లుతుంది గాని మన బళ్లలో కుదరదనే మాట తరచూ వింటాను. కుదిరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005లో మొదలై, 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ పాఠశాలల్లో కుదిరింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు, పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే చదువు మెరుగుపడుతుందా అని పరీక్షించారు. 50 మండలాల్లో మండలానికి 10 పాఠశాలలను తీసుకుని, అదే మండలంలో రెండు బడులకు ఉపాధ్యాయుడి వారీ బోనస్, రెండింటికి బడి మొత్తానికి కలిపి బోనస్, రెండింటికి అదనపు కాంట్రాక్టు టీచరు, రెండింటికి నగదు గ్రాంటు, రెండింటికి ఏమీ ఇవ్వకుండా, లాటరీ తీసి కేటాయించారు. ఏ మండలానికి ఆ మండలంలోనే లాటరీ తీయడం వల్ల, మెట్ట మండలం బడికి డెల్టా మండలం బడితో పోటీ పెట్టే అవస్థ తప్పింది. రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. బోనస్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, నాకూ అనుమానాలున్నాయి. ఆ భేదానికి కారణం ఉపాధ్యాయుల కులమో, ఊరి సంపదో, హెడ్‌మాస్టరు చొరవో అని వాదించడానికి మాత్రం లాటరీ తర్వాత చోటు మిగలలేదు.

ఈ ఉదాహరణలో మన విద్యార్థులు గమనించవలసినది ఇంకొకటి ఉంది. లాటరీ బడి మీద తీశారు కాబట్టి, లెక్కలోకి వచ్చే అసలు సంఖ్య బడులదే: ఒక్కో పద్ధతికి 100. మన ధ్యానం ప్రాజెక్టులో సెక్షన్‌ను మొత్తంగా కేటాయించాం. సెక్షన్‌లో అరవై మంది ఉన్నారని చూపించుకున్నా, నిజానికి పోల్చింది ఒక సెక్షన్‌ను ఇంకొక సెక్షన్‌తో. ఏ సెక్షన్‌కు ధ్యానమో బొమ్మా బొరుసూ వేసి తేల్చినా ఈ లోపం పోదు, ఎందుకంటే వేసినది ఒక్క నాణెం.

ఇప్పుడు పరికల్పన పరీక్ష దగ్గరికి వద్దాం. ఫిషర్ 1935లో వెలువరించిన ప్రయోగాల రూపకల్పన గ్రంథంలో, పాలు ముందు పోసిన టీకీ, టీ ముందు పోసిన దానికీ రుచిలో తేడా చెప్పగలనన్న ఒక మహిళ కథ ఉంది. నేను దాన్ని మన నేల మీద నడిపించాను. కోవూరు వైపు మా బంధువుల ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారు. మొలగొలుకుల అన్నాన్నీ బాపట్ల సాంబమసూరి అన్నాన్నీ కళ్లు మూసుకుని ఒక్క ముద్దతో గుర్తుపడతానని ఆయన పట్టుదల. సంక్రాంతికి అందరం చేరినప్పుడు సరే చూద్దామన్నాం. నాలుగు పళ్లేల్లో ఇది, నాలుగు పళ్లేల్లో అది. అన్నం ఆరిన తర్వాతే పెట్టాలన్నాను, ఎందుకంటే పొయ్యి మీద నుంచి ఆఖర్న దించిన గిన్నెను వేడిని బట్టి పట్టేయవచ్చు. గింజ పొడవు కనిపించకుండా కళ్లకు తువ్వాలు కట్టాం. ఏ పళ్లెం ఏ వరుసలో వెళ్లాలో ఆయన మనవరాలు పక్క గదిలో చీటీలు తీసి నిర్ణయించింది. పళ్లెం అందించిన కోడలికి అందులో ఉన్నది ఏ బియ్యమో తెలియదు.

ఎనిమిది పళ్లేల్లో నాలుగింటిని మొలగొలుకులని ఎంచడానికి ఉన్న మార్గాలు 70. నోటికి ఏమీ తెలియని మనిషి గుడ్డిగా ఎంచితే నాలుగూ సరిపోయే అవకాశం 70లో ఒకటి, అంటే 1.4 శాతం. మూడు సరిపోయి ఒకటి తప్పే మార్గాలు 16. కాబట్టి మూడు గాని అంతకంటే ఎక్కువ గాని గుడ్డిగా తగిలే అవకాశం 70లో 17, అంటే 24 శాతం పైనే. పెద్దాయన మూడు పట్టారు. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు. "మూడు కనిపెట్టినా ఒప్పుకోవేంది అబ్బయ్యా?" అన్నారాయన.

ఒప్పుకోకపోవడానికి కారణం ఇది. ఆయనకు తేడా తెలియదన్నది ఇక్కడ శూన్య పరికల్పన. అది నిజమనుకుంటే ఇంత మంచి ఫలితం, లేదా ఇంతకంటే మంచిది, ఎంత తరచుగా వస్తుందన్నదే పి-విలువ. నాలుగు సార్లలో దాదాపు ఒకసారి వచ్చేదాన్ని చూసి ఆ పరికల్పనను వదులుకోలేం. అలాగని ఆయనకు తేడా తెలియదని తేలిందా? అదీ తేలలేదు. నిజంగా చాలావరకు గుర్తుపట్టగల మనిషి కూడా ఎనిమిది పళ్లేల్లో ఒక జత తడబడవచ్చు. ఆధారం చాలలేదన్నంత వరకే మనం అనగలం. పి-విలువ 0.24 అంటే ఆయనకు తేడా తెలియకపోవడానికి 24 శాతం అవకాశం ఉందని అర్థం చేసుకునేవాళ్లు పీహెచ్‌డీల్లోనూ ఉన్నారు. ఆ లెక్క మొదలైందే ఆయనకు తెలియదనుకోవడంతో. అలా అనుకుని మొదలుపెట్టిన లెక్క, ఆ అనుకోవడం ఎంత నిజమో తిరిగి చెప్పలేదు.

రూపకల్పనే టెస్టును శాసిస్తుందనడానికి ఈ అన్నం పళ్లేల్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. ఎనిమిది ఎందుకు, అన్నం వృథా, ఆరు చాలవా అని ఇంటావిడ ముందే అడిగారు. ఆరు పళ్లేల్లో మూడింటిని ఎంచే మార్గాలు 20. అన్నీ సరిగ్గా చెప్పినా పి-విలువ 0.05 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే కిందికి దిగే దారి ఆ ప్రయోగంలో లేనే లేదు. ఐదు శాతం కంటే తక్కువ రావాలని పట్టుబట్టే పరిశోధకుడు ఆరు పళ్లేలతో కూర్చుంటే, పెద్దాయన నాలుక ఎంత గొప్పదైనా ఫలితం ముందే రాసిపెట్టినట్టే. చీటీలు వేయకుండా మొలగొలుకుల పళ్లేలన్నీ ముందు పెట్టి ఉంటే ఈ 70 అనే అంకెకు ఏ అర్థమూ ఉండేది కాదు. చీటీలు వేశాం కాబట్టే 70 మార్గాలకూ సమాన అవకాశం వచ్చింది. పి-విలువ అనే లెక్క నిలబడ్డ నేల అదే.

ఇదే సంగతి పెద్ద గుంపుల్లో నమూనా పరిమాణం రూపంలో ఎదురవుతుంది. గుంపుకు 30 మంది ఉంటే చాలని మా వైపు ఒక నమ్మకం ఎప్పటి నుంచో నడుస్తోంది. ఎక్కడ పుట్టిందో గాని గైడ్ల నోటి నుంచి గైడ్ల నోటికి పాకింది. జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ అనే గణాంకవేత్తలు 1933లో రెండు రకాల తప్పులను విడదీశారు: లేని భేదం ఉందనడం ఒకటి, ఉన్న భేదాన్ని గుర్తించలేకపోవడం రెండోది. మన ప్రాజెక్టులు మొదటి తప్పును ఐదు శాతం దగ్గర కట్టేసి, రెండోదాన్ని పూర్తిగా మరిచిపోతాయి. మనస్తత్వ ప్రయోగాల్లో ఈ మరపును అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ 1962 నుంచే ఎత్తిచూపాడు. నిజమైన భేదం అర ప్రామాణిక విచలనం ఉంటే, దాన్ని 80 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి గుంపుకు 64 మంది కావాలి. భేదం 0.2 అయితే దాదాపు 400 మంది కావాలి. గుంపుకు 30 మందితో అర విచలనం భేదాన్ని వెతకడమంటే, ఉన్నది దొరకడానికీ దొరక్కపోవడానికీ అవకాశాలు ఇంచుమించు సగం సగం. అలా దొరకనప్పుడు, ధ్యానానికీ జ్ఞాపకశక్తికీ సంబంధం లేదని తేలిందంటూ రాసేస్తారు. తేలింది అది కాదు; వెతికిన వల కళ్లు పెద్దవని తేలింది.

ఒకే పత్రంలో టెస్టులు కుప్పలుగా పెట్టడం ఇంకో అలవాటు. ప్రధాన పరికల్పన మీద భేదం రాకపోతే లింగం వారీగా, గ్రామం పట్టణం వారీగా, తెలుగు మాధ్యమం ఇంగ్లీషు మాధ్యమం వారీగా, తల్లి చదువు వారీగా, తండ్రి వృత్తి వారీగా పట్టికల మీద పట్టికలు వేస్తారు. ఏ భేదమూ లేని చోట ఒకదానితో ఒకటి సంబంధం లేని 10 టెస్టులు పెడితే, కనీసం ఒకటైనా ఐదు శాతం మెట్టు దాటే అవకాశం 40 శాతం. 20 పెడితే 64 శాతం. ఆ ఒక్కటే సారాంశంలో మొదటి వాక్యమవుతుంది. మనస్తత్వ పరిశోధకుడు జోసెఫ్ సిమ్మన్స్, అతని సహచరులు 2011లో ఈ వెసులుబాట్లను నిజంగానే వాడి చూపించారు: ఒక బీటిల్స్ పాట విన్న విద్యార్థులు, వేరే సంగీతం విన్నవారికంటే పుట్టిన తేదీ ప్రకారం దాదాపు ఏడాదిన్నర చిన్నవాళ్లయ్యారని, పి-విలువ 0.05 కంటే తక్కువతో. వేళాకోళానికి చేసిన పని, కాని లెక్కల్లో ఎక్కడా దొంగ అంకె లేదు. ఆ తర్వాత 2015లో, పేరున్న మనస్తత్వ శాస్త్ర పత్రికల్లోని 100 అధ్యయనాలను వేరే బృందాలు మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం సిగ్నిఫికెంట్‌గా ప్రకటించినవి, రెండోసారి 36 శాతమే అలా నిలిచాయి. ఆ శాస్త్రం తన ఇంటిని తానే ఇలా సోదా చేసుకోవడం నాకు నచ్చింది. సోదా సంగతి మన సిలబస్‌లోకి ఇంకా రాలేదు.

నా మాటకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఆచరణకు సంబంధించినది. ఒక సెక్షన్‌ను రెండుగా విడదీస్తే కళాశాల ఒప్పుకోదు, టైంటేబుల్ చెడుతుంది, సగం మందికి మేలు చేసి సగం మందిని వదిలేశారని తల్లిదండ్రులు అడుగుతారు అంటారు. ఈ ఇబ్బందులు నిజమైనవే. అయినా ఒకే సెక్షన్‌లో రోల్ నంబర్లతో చీటీలు తీసి, సగం మందికి ఒక గదిలో ధ్యానం, మిగతా సగానికి అదే పావుగంట పక్క గదిలో నిశ్శబ్దంగా చదువుకోవడం ఏర్పాటు చేస్తే టైంటేబుల్ కదలదు. పోలిక కూడా మెరుగవుతుంది, ఎందుకంటే ఏమీ చేయని గుంపుకు బదులు, ప్రశాంతంగా కూర్చున్న గుంపుతో పోలుస్తాం. ప్రాజెక్టు అయ్యాక రెండో సగానికీ ధ్యానం నేర్పితే తల్లిదండ్రుల ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. ఇంటర్ పిల్లలు 18 ఏళ్ల లోపువాళ్లు కాబట్టి తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఎలాగూ తీసుకోవాలి. హాస్టల్లో పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటారన్నది మాత్రం తీసిపారేయలేని అభ్యంతరం. అలా జరిగితే సాధారణంగా భేదం తగ్గి కనిపిస్తుందే తప్ప లేనిది పుట్టదు, ఆ మాట పత్రంలో రాయవచ్చు.

గుంపులు చేయడమే కుదరకపోతే, ఒక్కో పిల్లవాణ్ణి అతనితోనే పోల్చే మార్గం ఉంది. ఫోను బల్ల మీద ఉంటే మాటలు గుర్తుపెట్టుకోవడం తగ్గుతుందా అన్న ప్రశ్న తీసుకోండి. ప్రతి పిల్లవాడూ రెండు స్థితుల్లోనూ పాల్గొంటాడు. అయితే సగం మంది ఫోనుతో మొదలుపెట్టాలి, సగం మంది ఫోను లేకుండా. మాటల జాబితాలు రెండు ఉంటాయి కాబట్టి, ఏ జాబితా ఏ స్థితికి అన్నదీ సగం సగం తారుమారు కావాలి. నాలుగు క్రమాలు అవుతాయి, ఎవరికి ఏ క్రమమో మళ్లీ చీటీయే. ఇలా చేస్తే పిల్లల మధ్య సహజంగా ఉండే తెలివితేటల తేడాలు లెక్కలో నుంచి తప్పుకుంటాయి, అందుకే తక్కువ మందితోనే పని జరుగుతుంది.

చీటీ వేయడానికి వీలే లేని ప్రశ్నలు కూడా ఉన్నాయి. తల్లి చదువును ఎవరికీ కేటాయించలేం, కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లను ఒక ఊరికి రాసిచ్చి ఇంకో ఊరికి ఆపలేం. అవి సర్వేలుగా చేయవలసినవి, సర్వే తక్కువ రకమని నేను అనడం లేదు. పత్రం అట్ట మీద ఫలానాదాని ప్రభావం అని అచ్చువేసి, లోపల సంబంధం మాత్రమే చూపించడం ఆపితే చాలు.

విశ్వవిద్యాలయాలు చేయగలిగిన మార్పు ఒకటుంది, దానికి బడ్జెట్ అక్కర్లేదు. దత్తాంశం సేకరించడానికి ముందే విద్యార్థి ఒక పేజీ రాయాలి, గైడు తేదీ వేసి సంతకం చేయాలి, ఆ పేజీ పత్రంలో మొదటి అనుబంధంగా ఉండాలి, వైవాలో ప్రశ్నలు దాని మీదే మొదలవ్వాలి. ధ్యానం ప్రాజెక్టుకైతే అందులో ఉండవలసినవి ఇవి: ధ్యానమంటే ఏమిటి, ఎవరు ఎన్ని నిమిషాలు చేయిస్తారు, జ్ఞాపకశక్తిని 20 మాటల జాబితాతో, ఏ వేళకు కొలుస్తారు, చీటీలు ఎవరు, ఎవరి ఎదుట తీస్తారు, జవాబులు ఎవరు దిద్దుతారు, ప్రధాన పరికల్పన ఒక్కటే ఏది, దానికి టెస్టు ఏది, మధ్యలో మానేసిన పిల్లల మార్కులను ఏం చేస్తారు. భేదం కనిపించకపోతే ఏమి రాస్తారో కూడా ఆ పేజీలోనే ఉండాలి. సెక్షన్‌లో 60 మందే ఉంటే, గుంపుకు 30 మంది చొప్పున ఈ ప్రయోగం ప్రామాణిక విచలనంలో ముప్పాతిక వంతు భేదాన్ని మాత్రమే 80 శాతం నమ్మకంతో పట్టగలదనీ, అంతకంటే చిన్న భేదం ధ్యానం వల్ల వస్తోందో లేదో దీనితో తేల్చలేమనీ, ఒక్క మార్కు కూడా చేతికి రాకముందే రాసి పెట్టుకోవాలి.